కూత వెనుక లెక్క

హైదరాబాదులో హైటెక్ సిటీ దాటి గచ్చిబౌలి వైపు వెళితే, అద్దాల మేడల నడుమ ఒక పెద్ద ఇండోర్ స్టేడియం కనిపిస్తుంది. 2002లో మన రాజధానిలో జాతీయ క్రీడలు జరిగినప్పుడు సిద్ధమైన ప్రాంగణం అది. చుట్టుపక్కల కార్యాలయాలలో వేలమంది కంప్యూటర్ల ముందు కూర్చుని లెక్కలు కడుతూ ఉంటే, ఆ కప్పు కింద మన పల్లెల ఆట చెడుగుడు ఎన్నో సాయంత్రాలు సాగింది. దాన్నే ఇప్పుడు కబడ్డీ అంటున్నాం. 2024 అక్టోబరు 18న ప్రొ కబడ్డీ 11వ సీజన్ మొదలైంది అక్కడే. అద్దాల మేడలలోనే కాదు, ఆ చాప మీద కూడా లెక్క ఉన్నది. ఆ లెక్క ఏమిటో ఈ నెల తెలుసుకుందాం.

ఇలా ఊహించుకోండి. ఆట ముగియడానికి రెండు నిమిషాలున్నది. మన జట్టు ఒక పాయింటు వెనుకబడి ఉన్నది. మనవాడు కూతకు వెళ్ళాడు. ఎడమ మూలకు దూసుకుపోయి కాలు చాపాడు. మూలనున్నవాడు చీలమండ దొరకబుచ్చుకున్నాడు. అంతే! ముగ్గురు మీదపడ్డారు, మనవాడు దొరికిపోయాడు. చూసేవాళ్ళంతా ఒకటే మాట: “అటు ఎందుకు వెళ్ళాడు? బుద్ధి లేదా?”

అదే కాలు, అదే మూల, అదే క్షణం. చీలమండ చేతికి చిక్కకుండా ఒక్క అంగుళంలో తప్పించుకుని ఉంటే? అప్పుడు అందరూ చప్పట్లు కొట్టేవారు. మరి ఆ ఎత్తు మంచిదా, చెడ్డదా? ఫలితాన్నిబట్టే చెప్పాలా? ఫలితం తెలియకముందే చెప్పగలమా?

ఇది పెద్ద ఆటగాళ్ళ సంగతి మాత్రమే కాదు. మీ బడి జట్టులో కూడా ఒక్క కూతలో దొరికిపోయినందుకు మర్నాడు జట్టులో చోటు పోగొట్టుకున్న పిల్లవాడు ఉండే ఉంటాడు. వాడికి జరిగింది న్యాయమా, అన్యాయమా అని తేల్చడానికి మనకొక పద్ధతి కావాలి.

ముందు ఆటస్థలం కొలతలు చూద్దాం. పురుషుల ఆటలో చాప పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. మధ్య గీత దాన్ని రెండు భాగాలు చేస్తుంది, ఒక్కొక్కటి 6.5 మీటర్లు. మధ్య గీత నుంచి 3.75 మీటర్ల దూరంలో బాక్ గీత ఉంటుంది. కూతకు వెళ్ళినవాడు ఎవరినీ తాకకపోతే దాన్ని ఒక్కసారైనా దాటి తీరాలి. మరో మీటరు లోపల బోనస్ గీత. దాని వెనుక మిగిలేది 1.75 మీటర్లే. ఆ కాస్త స్థలంలోనూ, దాని ముందూ ఏడుగురు కాపు కాస్తుంటారు. రెండు చివరలా ఇద్దరు కార్నర్లు, వారి పక్కన ఇద్దరు ఇన్‌లు, తరువాత ఇద్దరు కవర్లు, నడుమ ఒక సెంటర్. కూతకు గడువు 30 సెకన్లు. ఆట మొత్తం 40 నిమిషాలు. ప్రతివాడూ గడువంతా వాడుకుంటే 80 కూతలు, అంటే జట్టుకు నలభై. లెక్క కట్టడానికి ఇది మంచి సంఖ్యే!

ఇప్పుడొక ప్రయోగం చేయండి. ముప్పై సెంటీమీటర్ల స్కేలు ఒకటి తీసుకోండి. మీ స్నేహితుణ్ణి దాని పై కొస పట్టుకుని నిలువుగా వేలాడదీయమనండి. మీరు బొటనవేలూ చూపుడువేలూ ‘0’ గీత దగ్గర, స్కేలును తాకకుండా, విడిగా ఉంచండి. అతను చెప్పకుండా వదిలేస్తాడు. మీరు పట్టుకోవాలి. ఎన్ని సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నారు? 10 అయితే మీకు పట్టిన కాలం 0.14 సెకను. 20 అయితే 0.20 సెకను. 30 అయితే 0.25 సెకను. (దూరం రెండింతలయితే కాలం రెండింతలు కాలేదేమిటని అడుగుతారేమో! పడేకొద్దీ స్కేలు వేగం పెరుగుతుంది గదా.) చాలామంది 20కి అటూ ఇటూగా పట్టుకుంటారు. కన్ను చూసి, మెదడు నిర్ణయించి, నరాల ద్వారా కబురు అంది, కండరం కదలడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

దీనికీ కబడ్డీకీ సంబంధం ఏమిటి? కూతకు వచ్చినవాడు సెకనుకు 4 మీటర్ల వేగంతో చటుక్కున తిరిగాడనుకోండి. 0.2 సెకనులో అతను 80 సెంటీమీటర్లు కదిలిపోతాడు. మీ చేయి అంత పొడవుండదు! అంటే, “అతను ఎటు వెళతాడో చూసి, అప్పుడు పడదాం” అనుకునే కార్నర్‌కు ఆలస్యం తప్పదు. అతను ముందే ఊహించి కదలాలి. ఊహ ఉన్నచోట మోసానికి తావు ఉంటుంది. కూతలో ఎత్తు అంటే ఇదే: ఎదుటివాడి ఊహను తప్పు దారి పట్టించడం. బోనస్‌కు వెళుతున్నట్టు కాలు చాపి, కార్నర్ ముందుకు వంగగానే తిరిగి, పక్కనున్న ఇన్ వీపు మీద చేయి వేసి పరుగెత్తడం అలాంటి ఒక ఎత్తు.

కూత విఫలమైనప్పుడు మనం మూడు వేరువేరు ప్రశ్నలు అడగాలి. ఎత్తు బాగుందా? ఆ సమయానికి ఆ ఎత్తు ఎంచుకోవడం సరైనదేనా? ఎంచుకున్నదాన్ని ఆటగాడు సరిగా చేశాడా? మైదానం చుట్టూ కూర్చున్నవాళ్ళు ఈ మూడింటినీ కలిపి ఒకే కేక వేస్తారు. మొదటిదాన్ని తేల్చడం తేలిక. మోసపోవలసినవాడు మోసపోయాడా అని చూడండి. కార్నర్ ముందుకు వంగాడు, ఇన్ వీపు తిప్పాడు, కాని మనవాడి కాలు జారింది. అప్పుడు ఎత్తు ఫలించినట్టే, కాలే తప్పింది. కార్నర్ అసలు కదలనే లేదనుకోండి. పాయింటు ఎలాగో వచ్చినా ఎత్తు ఫలించలేదనే రాసుకోవాలి. పాయింటు వచ్చిన కూతలో తప్పు వెదకడం ఎవరికీ ఇష్టముండదు. నా మటుకు నాకు, మంచి శిక్షకుణ్ణి గుర్తుపట్టవలసింది అక్కడే అనిపిస్తుంది.

రెండో ప్రశ్న కష్టమైనది. దానికి జమాఖర్చు కావాలి.

ఇద్దరు కూతగాళ్ళున్నారు. రాముడు పది కూతల్లో 4 పాయింట్లు తెచ్చాడు, 4 సార్లు వట్టి చేతులతో తిరిగివచ్చాడు, 2 సార్లు దొరికాడు. సోముడు పది కూతల్లో 5 పాయింట్లు తెచ్చాడు, ఒకసారి వట్టి చేతులతో వచ్చాడు, 4 సార్లు దొరికాడు. ఎవరు నయం? జనం సోముడంటారు. కాని దొరికిన ప్రతిసారీ ఎదుటివారికి ఒక పాయింటు వెళుతుంది. రాముడి నికరం 4 – 2 = 2. సోముడిది 5 – 4 = 1. అదీగాక దొరికినవాడు బయట కూర్చోవాలి. తనవాళ్ళు పాయింటు తెచ్చి బతికించేదాకా లోపలికి రాలేడు. ఆ ఖర్చు ఈ తీసివేతలో చేరలేదు.

అలాగని వట్టి చేతుల కూత ఉచితమనుకోకండి. వరుసగా రెండు కూతలు వట్టివయితే, మూడోదానిలో పాయింటు తేవాలి, లేదా ఔటవాలి. దీన్ని ‘డూ ఆర్ డై’ కూత అంటారు. రాముడు ఇంకొక ఆటగాడితో కలిసి నిదానంగా ఆడుతూ పోతే ఈ ఉచ్చులో పడతారు.

ఇప్పుడు అసలైన చిక్కుకు వద్దాం. “బోనస్ ఎత్తు పదిలో ఎనిమిదిసార్లు ఫలించింది. మరి ప్రతిసారీ అదే ఎందుకు వేయడు?” అని మీకు తోచి ఉంటుంది. జవాబు లెక్కలోనే ఉంది. నేను ఊహించిన సంఖ్యలు ఇస్తున్నాను, జాగ్రత్తగా చూడండి.

కూతగాడి దగ్గర రెండు ఎత్తులున్నాయి: బోనస్ గీతకు కాలు చాపడం, లేదా చేత్తో తాకి పరుగెత్తడం. కార్నర్‌కూ రెండు దారులున్నాయి: ముందే దూకి కాలు పట్టడం, లేదా వెనుకే నిలబడి ఉండడం. కార్నర్ దూకితే బోనస్ ఎత్తు నూటికి 30 సార్లే ఫలిస్తుంది. నిలబడితే 80 సార్లు. చేతి ఎత్తు కార్నర్ దూకితే 70 సార్లు ఫలిస్తుంది. నిలబడితే 40 సార్లు.

కూతగాడు ఎప్పుడూ బోనస్‌కే వెళితే, రెండు మూడు కూతలలో కార్నర్ పసిగట్టి ప్రతిసారీ దూకుతాడు. 80 కాస్తా 30 అవుతుంది. ఎప్పుడూ చేత్తోనే తాకబోతే కార్నర్ నిలబడిపోతాడు, 40 మిగులుతుంది. ఇప్పుడు ఎనిమిది కూతలలో 3 బోనస్‌కూ, 5 చేతికీ, ఏది ఎప్పుడో తెలియకుండా కలిపి వేశాడనుకుందాం. కార్నర్ ఎప్పుడూ దూకితే: 3 × 30 + 5 × 70 = 440; ఎనిమిదితో భాగిస్తే 55. ఎప్పుడూ నిలబడితే: 3 × 80 + 5 × 40 = 440; మళ్ళీ 55! కార్నర్ ఏమి చేసినా నూటికి 55 తగ్గదు. 30 కన్నా, 40 కన్నా ఇది ఎంతో మేలు. 3కు బదులు 4 వేసి చూడండి, 2 వేసి చూడండి. కార్నర్‌కు ఏదో ఒక దారిలో లాభం కనిపిస్తుంది.

80 వచ్చే ఎత్తు 80గా ఉండడానికి కారణం దాన్ని తక్కువగా వాడడమే! ఇలాంటి పోటీలన్నింటికీ ఒక నియమం ఉందని 1928లో జాన్ ఫాన్ నాయ్‌మన్ అనే గణితశాస్త్రజ్ఞుడు నిరూపించాడు. నేటి కంప్యూటర్ల నిర్మాణానికి దారి వేసినవారిలోనూ ఆయన ఒకడు. ఒకటి మాత్రం మరచిపోవద్దు. ‘కలిపి వేయడం’ అంటే బోనస్, చేయి, బోనస్, చేయి అని వంతులవారీగా వేయడం కాదు. వంతు పాటిస్తే కార్నర్ దాన్ని కూడా కనిపెడతాడు. మనిషి మనసు తెలియకుండానే వంతులు పాటిస్తుంది. కావాలంటే మీ స్నేహితుణ్ణి ‘బొమ్మ, బొరుసు’ అని ఇష్టం వచ్చినట్టు యాభైసార్లు రాయమనండి. నిజంగా నాణెం ఎగరేస్తే వరుసగా ఐదారు బొమ్మలు పడడం మామూలే. అతను మాత్రం మూడు దాటి రాయడానికి జంకుతాడు.

నా లెక్కలో ఒక వెసులుబాటు తీసుకున్నాను. బోనస్ పాయింటూ, తాకిన పాయింటూ సమానమన్నాను. నిజానికి తాకితే ఎదుటివాడు ఔటవుతాడు, మనవాడు ఒకడు బతికి వస్తాడు. బోనస్‌లో ఆ రెండూ లేవు. కాబట్టి తెలివైన జట్టు చేతి ఎత్తుకు ఇంకాస్త విలువ కడుతుంది.

ఎదుట ఎంతమంది ఉన్నారన్నది ఎంపికను పూర్తిగా మార్చేస్తుంది. ఆరుగురు, ఏడుగురు ఉంటేనే బోనస్ గీతకు ప్రాణం. ఐదుగురైతే అది వట్టి గీతే. ముగ్గురు లేక అంతకన్నా తక్కువ మంది ఉండి కూతగాణ్ణి పట్టేస్తే వారికి ఒకటి కాదు, 2 పాయింట్లు. దాన్ని సూపర్ ట్యాకిల్ అంటారు. లెక్క చూడండి. మామూలుగా ఫలించే అవకాశం నూటికి 50 దాటితే కూత లాభసాటి. ముగ్గురే ఉన్నప్పుడు, గెలిస్తే 1, ఓడితే 2 గనుక, మూడింట రెండువంతులు, అంటే నూటికి 67 దాకా అవకాశం ఉంటేనే తెగించాలి. “ముగ్గురే గదా!” అని దూకేవాడు ఏడుగురి మీదికి దూకినప్పటి కన్నా ఎక్కువ పందెం ఒడ్డుతున్నాడు. కాకపోతే ఆ ముగ్గురినీ ఊడ్చేస్తే ఆలౌట్, అదనంగా 2 పాయింట్లు. ఆ ఆశే చాలామందిని ముంచుతుంది.

డూ ఆర్ డై కూతలో ఇది తిరగబడుతుంది. ఎదుట ఐదుగురున్నారు, ఫలించే అవకాశం నూటికి 20 మాత్రమే. మామూలు కూతలో అయితే వెనక్కి రావడం మేలు. ఇక్కడ వెనక్కి వచ్చినా ఒక పాయింటు పోతుంది, మనిషీ ఔటవుతాడు. తెగిస్తే సగటున 0.2 – 0.8 = మైనస్ 0.6. తెగించకపోతే మైనస్ 1. కాబట్టి ఎంత చిన్న ఆశ ఉన్నా తెగించడమే సరైనది. అలా తెగించి దొరికిపోయినవాణ్ణి తిట్టేవాళ్ళకు తీసివేత రాదన్నమాట!

అలాంటి కూత ఒకటి చరిత్రలో నిలిచిపోయింది. 2023 అక్టోబరు 7, చైనాలోని హాంగ్‌జౌ. ఆసియా క్రీడల పురుషుల కబడ్డీ ఫైనల్లో భారత్, ఇరాన్ 28–28తో సమానంగా ఉన్నాయి. ఆట చివరి ఘట్టం. భారత కెప్టెన్ పవన్ సెహ్రావత్ డూ ఆర్ డై కూతకు వెళ్ళాడు. ఎవరినీ తాకకుండానే అతని అడుగు పక్కనున్న లాబీలో పడింది. అతన్ని పట్టబోతూ ఇరాన్ ఆటగాళ్ళు కూడా లాబీలోకి వచ్చేశారు. అతనొక్కడే ఔటా, వెంట వచ్చినవాళ్ళూ ఔటా? పాత నియమం ఒకటి చెబుతుంది, కొత్తది ఇంకొకటి. వాదనతో ఆట చాలాసేపు ఆగిపోయింది. చివరకు భారత్ 33–29తో స్వర్ణం గెలిచింది. ఆ కూతను ఏ ఖాతాలో రాయాలి? తెగించడం సరైన ఎంపికే. అడుగు వేయడంలో తప్పు జరిగింది. ఫలితం మాత్రం నియమాల పుస్తకం చేతిలోకి వెళ్ళిపోయింది. మూడు ప్రశ్నలకు మూడు జవాబులు!

ఆ పవనే ఆ ఏడాది మన తెలుగు టైటాన్స్‌కు కెప్టెన్. రెండు కోట్ల అరవై లక్షలకు పైగా పెట్టి కొన్నారు. 2023–24 సీజన్లో అతను రెండు వందలకు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం 22 ఆటలలో 2 మాత్రమే గెలిచింది. ఇదెలా సాధ్యం? ఒకటి, కబడ్డీలో కూతలు సగమే. పట్టులు మిగతా సగం. రెండోది మన బోనస్ లెక్కను గుర్తుతెచ్చుకుంటే మీకే తెలుస్తుంది. ఏ ఎత్తు వేస్తాడన్నదే కాదు, ఎవరు వస్తారన్నది కూడా ఎదుటివారికి ఒక ఊహే. ప్రతి గడ్డు సమయంలో వచ్చేది ఫలానావాడేనని తెలిసిపోతే, ఏడుగురూ అతని ఒక్కడి అలవాట్లే చదువుకుని వస్తారు. అందుకే జట్టు దాడిని తూచేటప్పుడు గొప్పవాడి పాయింట్లు కాకుండా రెండో, మూడో కూతగాళ్ళ నికరం ముందు చూడమంటాను.

అమెరికాలో ఫుట్‌బాల్ అనే పేరుతో ఆడే ఆట ఒకటుంది. మన ఫుట్‌బాల్ కాదు, బంతి చేతపట్టుకుని పరుగెత్తేది. నాలుగు ప్రయత్నాలలో బంతిని 10 గజాలు ముందుకు చేర్చాలి. నాలుగోది వచ్చేసరికి చాలా జట్లు భయపడి బంతిని దూరంగా తన్నేస్తాయి. డేవిడ్ రోమర్ అనే ఆర్థికశాస్త్రవేత్త 2006లో ప్రచురించిన వ్యాసంలో లెక్క కట్టి, జట్లు తెగించవలసినన్నిసార్లు తెగించడం లేదని చూపించాడు. ఎందుకు తెగించరు? తన్నేసి ఓడితే ఎవరూ తిట్టరు. తెగించి ఓడితే అందరూ తిడతారు. మన బడి మైదానంలోనూ అంతే గదా!

ఇంకొక జాగ్రత్త. ఒక కొత్త ఎత్తు నాలుగుసార్లు వేసి మూడుసార్లు ఫలించిందని గంతులు వేయకండి. నాణెం నాలుగుసార్లు ఎగరేస్తే 16 రకాలుగా పడవచ్చు. వాటిలో మూడు గాని, నాలుగు గాని బొమ్మలు వచ్చేవి 5. అంటే ఏ తెలివీ లేని నాణెం కూడా మూడింట ఒకసారి ఆ పాటి విజయం సాధిస్తుంది! అదే 40లో 30 అయితే నాణేనికి వెయ్యిసార్లకు ఒకసారి సాధ్యం. అప్పుడు ఎత్తులో సత్తా ఉందని నమ్మవచ్చు. ఒక్క కూత చూసి పిల్లవాణ్ణి జట్టులోంచి తీసేసినవారు ఎన్నిసార్లకు ఎన్ని చూసినట్టు?

ఈసారి మీ బడిలో ఆట జరిగితే ఒక నోటుపుస్తకంతో గీత పక్కన కూర్చోండి. ప్రతి కూతకూ ఎదుట ఎంతమంది ఉన్నారో, అది ఎన్నో వట్టి కూతో, ఎటు వెళ్ళాడో, కాపువాడు మోసపోయాడో లేదో, ఏమి వచ్చిందో రాయండి. ‘మోసపోయాడా’ అన్న గడిని ఫలితం కన్నా ముందు నింపాలి. తరువాత రాస్తే చప్పట్లు మీ చేతిని కూడా నడిపిస్తాయి. చివరి నిమిషంలో మన జట్టు ఆధిక్యంలో ఉంటే, గడువంతా వాడుకుని వచ్చిన వట్టి కూతకు చిన్న నక్షత్రం పెట్టండి. అది వట్టిది కాదు.

మీరు చేయవలసిన లెక్క: కూతగాడు ఎడమవైపు గాని, కుడివైపు గాని దాడి చేస్తాడు. కాపు ఎడమవైపు గట్టిగా ఉంటే ఎడమ దాడి నూటికి 20, కుడి దాడి 60 సార్లు ఫలిస్తాయి. కాపు కుడివైపు గట్టిగా ఉంటే ఎడమ దాడి 80, కుడి దాడి 40. కాపు ఎలా ఉన్నా నష్టపోకుండా ఉండాలంటే నాలుగు కూతలలో ఎన్ని ఎడమకు వెళ్ళాలి?

జవాబు: ఒకటి. 1 × 20 + 3 × 60 = 200; 1 × 80 + 3 × 40 = 200. ఎటు చూసినా నూటికి 50. అన్నింటికన్నా పెద్ద సంఖ్య 80 ఎడమ దాడిదే అయినా, అది నాలుగింట ఒకసారే!